రంగు పేరు తెలియని భయం: ‘డీ ఫార్బె’ చిత్రం, నల్లరేగడి నేల, తెలుగు విమర్శ

వ్యాస సంగ్రహం

హెచ్. పి. లవ్‌క్రాఫ్ట్ 1927లో ప్రచురించిన ‘ది కలర్ అవుట్ ఆఫ్ స్పేస్’ కథను జర్మనీలో హువాన్ వు 2010లో ‘డీ ఫార్బె’ అనే పేరుతో స్వల్పవ్యయంతో చలనచిత్రంగా మలిచాడు. ఇటువంటి కథలు తెలుగువారికి పరాయివనీ, తీయాలంటే కోట్లు కావాలనీ, పైగా అవి బాధ్యులను తప్పిస్తాయనీ మనలో మూడు అభిప్రాయాలు స్థిరపడ్డాయి. ఆ చిత్రాన్ని ఆధారంగా చేసుకొని, గుంటూరు జిల్లా తుళ్లూరు ప్రాంతపు సేద్యానుభవం వైపు నుంచి ఈ మూడింటినీ ఖండించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: విశ్వభయానకం, భయానక రసం, అనుసరణ, స్వల్పవ్యయ చిత్రం, నల్లరేగడి, తుళ్లూరు.

1. ప్రవేశిక

తెలుగులో భయానక చిత్రాల మీద వచ్చే సమీక్షలు సాధారణంగా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతాయి: దెయ్యం ఎవరు, దానికి పగ ఎందుకు? విరామం తరువాత జవాబు దొరికితే కథనం బిగువుగా ఉన్నదంటారు. దొరకకపోతే తర్కం లోపించిందంటారు. ‘రాత్రి’ (1992), ‘అరుంధతి’ (2009), ‘మా ఊరి పొలిమేర’ (2021), ‘మసూద’ (2022), ‘విరూపాక్ష’ (2023) ఒకదానికొకటి చాలా భిన్నమైన చిత్రాలే. అయినా పగబట్టిన ఆత్మో, చేతబడి చేసిన మనిషో, వాటికి ఎదురు నిలిచే శక్తో వాటిలో ఉండక తప్పదు. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ నవలలోనూ చేతబడి చేయించినవారు, చేసినవారు, దాని వెనుక స్వార్థం ఉన్నాయి. భయానికి కర్త, కర్తకు కారణం, కారణానికి విరుగుడు అనే మూడు మెట్ల మీద మన భయానక కథ నిలిచి ఉన్నది.

ఈ రచనల విలువను తగ్గించడం ఇక్కడి ఉద్దేశం కాదు. ఆక్షేపణ విమర్శ మీద. ఒక రకం కథను చూసి చూసి, భయానకమంటే అదేనని విమర్శ నిర్ణయించుకున్నది. కర్త లేని భయాన్ని, అంటే మనిషి మీద పగ గానీ దయ గానీ లేని దాని ఎదుట మనిషి నిలబడవలసి వచ్చినప్పుడు కలిగే భయాన్ని, తన పరిధికి వెలుపల ఉంచింది. ఈ రెండవ రకం భయాన్ని ఈ వ్యాసం విశ్వభయానకం అని వ్యవహరిస్తున్నది. దానికి ప్రసిద్ధమైన ఉదాహరణ ఒక రైతు కథ, అందులోనూ ఒక జలాశయం కోసం భూమి కొలవడానికి వచ్చిన సర్వేయరు చెప్పే కథ కావడం తెలుగు విమర్శ గమనించవలసిన విషయం.

2. కథ: సర్వేయరు, రైతు, బావి

అమెరికాలోని న్యూ ఇంగ్లండ్ కొండల నడుమ ఒక లోయను ముంచి జలాశయం కట్టబోతున్నారు. సర్వే కోసం వచ్చిన కథకునికి అక్కడ ఐదెకరాల బూడిదనేల కనబడుతుంది. గడ్డి మొలవదు, ఎవరూ అటు వెళ్లరు. ఆమీ పియర్స్ అనే వృద్ధుడు సంగతి చెబుతాడు. 1882లో నాహమ్ గార్డ్‌నర్ అనే రైతు ఇంటి ముందు, బావి పక్కన ఒక ఉల్క పడింది. విశ్వవిద్యాలయం నుంచి ఆచార్యులు వచ్చి ముక్క తీసుకుపోయారు. అది గాజుపాత్రలోనే హరించుకుపోయింది. దానిలో కనిపించిన రంగు మనిషికి తెలిసిన ఏ రంగుతోనూ సరిపోలలేదు. ఆ ఏడు తోటలో కాయ ఎన్నడూ లేనంత పెద్దదిగా, నిగనిగలాడుతూ కాసింది. కొరికితే చేదు. పంటంతా పోయింది. తరువాతి వసంతానికి మొక్కలు వింతరంగులు తిరిగాయి; ఆపైన చెట్టూ పశువూ మనిషీ వరుసగా బూడిదరంగుకు మారి పొడిపొడిగా రాలిపోయారు. ఆ కుటుంబం ఆ బావినీళ్లే తాగుతూ, ఆ ఇంట్లోనే ఉండి, అంతరించింది.

కథలో దెయ్యం లేదు, శాపం లేదు, గార్డ్‌నర్ చేసిన పాపమేమీ లేదు. ఆ రంగుకు అతడంటే కోపం ఉన్నట్టు ఎక్కడా సూచన కూడా లేదు. చివరికది ఆకాశంలోకి ఎగసిపోతుంది. వెనుదిరిగి చూసిన ఆమీకి మాత్రం అందులో కొంత మళ్లీ బావిలోకి జారిపోవడం కనబడుతుంది. ఆ బావి మీదనే జలాశయం రాబోతున్నది. ఆ నీళ్లు పట్నం తాగబోతున్నది.

లవ్‌క్రాఫ్ట్ రచనల్లో జాతివివక్ష బాహాటంగా కనిపించే చోట్లు చాలా ఉన్నాయి. ‘ది కాల్ ఆఫ్ కతుల్హు’ కథ అందుకు సాక్ష్యం. ఆ చోట్లలో రచయిత పరాయి జాతుల మనుషులనే భయానికి కర్తలుగా నిలబెట్టాడు. అతని ఊహలోని నీచత్వం అంతా ఈ కర్తను వెదికే అలవాటుతో ముడిపడి ఉన్నది. ‘ది కలర్ అవుట్ ఆఫ్ స్పేస్’లో ఆ అలవాటును విడిచిపెట్టాడు కనుకనే ఆ కథ అతని రచనల్లో మిన్నగా నిలిచింది.

3. ఖర్చు అనే సాకు

విశ్వభయానకం తెలుగులో ఎందుకు రాలేదంటే మొదట వినిపించే జవాబు డబ్బు. ఊహకందని దానిని తెర మీద చూపాలంటే గ్రాఫిక్స్ కావాలి, గ్రాఫిక్స్‌కు కోట్లు కావాలి అని. ఈ కథకు వచ్చిన అనుసరణల చరిత్ర ఈ జవాబును తలకిందులు చేస్తుంది.

1965లో డేనియల్ హాలర్ ‘డై, మాన్‌స్టర్, డై!’ అనే పేరుతో తీసిన చిత్రంలో బోరిస్ కార్లాఫ్ వంటి పేరున్న నటుడు ఉన్నాడు. కథ ఇంగ్లండ్‌లోని ఒక పాత భవంతికి మారింది. ఉల్కను దాచి మొక్కల మీద ప్రయోగించే గృహయజమాని పుట్టుకొచ్చాడు. అంటే కర్త దొరికాడు, కథ పోయింది. 1987లో వచ్చిన ‘ది కర్స్’ పొలాన్ని పొలంగా ఉంచింది గానీ, మతఛాందసుడైన సవతి తండ్రిని ప్రవేశపెట్టి, రైతు నాశనానికి శిక్ష అనే ఛాయను తెచ్చింది. 2019లో రిచర్డ్ స్టాన్లీ నికొలస్ కేజ్ ప్రధానపాత్రగా తీసిన చిత్రం వీటికంటే చాలా మెరుగు. అయినా పేరు లేని రంగును అది గులాబీ-ఊదా కాంతిగా తెరనిండా ధారాళంగా కురిపించింది. పది నిమిషాల్లో ప్రేక్షకుని కన్ను దానికి అలవాటు పడిపోతుంది.

ఈ నాలుగు అనుసరణల్లో మూలకథ మర్మాన్ని పట్టుకున్నది చిన్న బృందం, చిన్న పెట్టుబడి గల ‘డీ ఫార్బె’. హువాన్ వు కథను జర్మనీలోని అడవి పల్లెకు తరలించాడు. అమెరికా నుంచి తండ్రిని వెదుక్కుంటూ వచ్చిన యువకునికి ఒక స్థానికుడు పాత సంగతి చెబుతాడు. చిత్రమంతా నలుపు-తెలుపు. ఆ రంగు వచ్చినప్పుడు మాత్రం తెర మీద రంగు కనబడుతుంది. మనిషి ఎరుగని రంగును ఏ యంత్రమూ చూపలేదు. ఆ చిత్రం లోకంలోని రంగులన్నీ తీసివేసి, మిగిలిన ఒక్క రంగును అపరిచితం చేసింది. గంటసేపు బూడిదరంగుకు అలవాటైన కంటికి, ఎంత మామూలు రంగైనా చొరబాటులా తోస్తుంది. ఇది పేదరికం నేర్పిన ఉపాయమే కావచ్చు. అయినా కథ అడిగినదాన్ని ఇచ్చినది అదే.

2005లో లవ్‌క్రాఫ్ట్ చారిత్రక సంఘం నిర్మించగా ఆండ్రూ లీమన్ దర్శకత్వం వహించిన ‘ది కాల్ ఆఫ్ కతుల్హు’ దీనికి మరొక సాక్ష్యం. 47 నిమిషాల ఆ చిత్రం, 1920ల నాటి మూకీ ఎలా ఉండేదో అలాగే, మాటలు లేకుండా, నలుపు-తెలుపులో, చిన్న నమూనాలతో, బొమ్మను కొంచెం కొంచెంగా కదిలిస్తూ తీసినది. అసంభవమని చాలాకాలం అనుకున్న కథ ఆ విధంగా తెరకెక్కింది.

తెలుగువారికి ఈ పాఠం విదేశాల నుంచి రానవసరం కూడా లేదు. బి. విఠలాచార్య పరిమితమైన సెట్లతో, కెమెరా కిటుకులతో రెండు తరాల ప్రేక్షకులను నమ్మించాడు. ‘జగన్మోహిని’ (1978)లో పొయ్యిలో కట్టెలకు బదులు తన కాళ్లే పెట్టి వంట చేసే దెయ్యాన్ని చూసినవారు నేటికీ మరవలేదు. ఆ దృశ్యానికి కావలసింది ఒక పొయ్యి, ఒక నటి, ఒక ఊహ. విఠలాచార్య వారసులమని చెప్పుకునే పరిశ్రమ డబ్బు లేదని చెప్పడం, ఆ మాటను విమర్శకులు నమ్మడం విడ్డూరం.

4. పరాయి అనే సాకు

రెండవ వాదం మరింత గంభీరంగా వినిపిస్తుంది. దేవుడు లేని విశ్వం పాశ్చాత్యుల దిగులు. మన సంప్రదాయంలో విశ్వానికి అధిపతి ఉన్నాడు, కాబట్టి మనకీ భయం అంటదు అని ఒక పక్షం. విశ్వరూప సందర్శనంలో అర్జునుడు వణికినప్పుడే మనకు విశ్వభయానకం ఉన్నది, లవ్‌క్రాఫ్ట్ చెప్పే కొత్త ఏమీ లేదని ఇంకొక పక్షం. రెండూ పొరపాటే. అర్జునుడు వేడుకోగా కృష్ణుడు సౌమ్యరూపానికి తిరిగి వస్తాడు. అక్కడ ప్రార్థన వినేవాడు ఉన్నాడు. గార్డ్‌నర్ బావిలో ఉన్నది వినేది కాదు. ఈ తేడాను చెరిపివేస్తే గీతకూ అన్యాయమే, కథకూ అన్యాయమే.

మన అలంకారశాస్త్రం మాత్రం ఈ కథకు తలుపు మూయలేదు. నాట్యశాస్త్రం ఆరవ అధ్యాయంలో భరతుడు ప్రతి రసానికీ ఒక వర్ణం చెప్పాడు. భయానకానికి నలుపు, బీభత్సానికి నీలం, అద్భుతానికి పసుపు, కరుణకు కపోతవర్ణం, అనగా పావురపు బూడిదరంగు. రసానికి రంగు ఉంటుందని చెప్పిన శాస్త్రం గల భాషలో, రంగే భయకారణమైన కథ పరాయిది ఎలా అవుతుంది? భరతుడు భయానకం బీభత్సం నుంచి పుడుతుందన్నాడు. చేదెక్కిన పండు, పొడిగా రాలే పశువు అనే బీభత్స విభావాల నుంచే ఈ కథలో భయం పుడుతున్నది. చివరికి నేలంతా ఏ రంగుకు వస్తున్నది? బూడిదరంగుకు, కరుణ వర్ణానికి. ఈ సామ్యం రచయిత ఎరిగి చేసినది కాదు. కానీ తెలుగు పాఠకుడు ఈ కథను భయంతో మొదలుపెట్టి, ఒక రైతు కుటుంబం మీద జాలితో ముగించడానికి మార్గం మన శాస్త్రంలోనే ఉన్నదని అది చూపుతున్నది.

అభినవగుప్తుడు ఇంకా ముందుకు వెళ్లాడు. శాకుంతలంలో దుష్యంతుని బాణానికి బెదిరి పరుగెత్తే లేడిని ఉదాహరణగా తీసుకొని, రసానుభవంలో భయపెట్టేవాడు పారమార్థికం కాడనీ, దేశకాలాల అంటు లేని భయమే మిగులుతుందనీ వివరించాడు. కర్తను తీసివేసిన తరువాత మిగిలే భయాన్ని వెయ్యేళ్ల క్రితమే మన శాస్త్రకారుడు ఆలోచించగా, దెయ్యం పేరు చెప్పనిదే కథ పూర్తికాదని నేటి సమీక్ష పట్టుబట్టడం ఆ శాస్త్రం నుంచి వెనుకడుగు.

5. తుళ్లూరు నేల: రంగే ధర

శాస్త్రాన్ని పక్కన పెట్టి పొలానికి వెళ్లినా ఈ భయం పరాయిది కాదని తెలుస్తుంది. తుళ్లూరు పరిసరాలు రెండు రకాల నేల. కృష్ణ ఒడ్డున జరీబు. లోపలికి పోతే పత్తి, మిరప పండిన నల్లరేగడి మెట్ట. దక్షిణాన ప్రకాశం దాకా వ్యాపించిన ఈ పత్తి, మిరప మైదానంలో రంగు అలంకారం కాదు, ధర. గుంటూరు యార్డులో మిరపకాయను రంగు చూసి వెల కడతారు. ఎరుపు తప్పి తెల్లబారిన కాయను తాలు అంటారు. దాని రేటు వేరు. రంగు మారిన పత్తికీ అదే గతి. ఏడాది కష్టం కళ్లంలో ఎండుతున్నప్పుడు అకాలవర్షం పడితే రైతు మొదట చూసేది రంగునే.

1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేలను తెల్లదోమ తుడిచిపెట్టింది. మందు మీద మందు కొట్టినా అది లొంగలేదు. అప్పులపాలైన రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ తరువాతి కాలంలో గులాబీరంగు పురుగు బోల్‌గార్డ్-2 విత్తనాన్ని కూడా లెక్కచేయలేదు. అది కాయ లోపల ఉంటుంది. పైకి కాయ నిండుగా, పచ్చగా కనిపిస్తుంది. పగిలితే లోపల గుడ్డిపత్తి. 2021-22 పంటకాలంలో, విదేశం నుంచి దేశంలోకి చొరబడిన నల్ల తామరపురుగు మిరపపూతలో చేరి, పూతను పూతగానే రాల్చింది. గార్డ్‌నర్ తోటలో పైకి నిగనిగలాడి లోపల చేదైన పండును చదివే తుళ్లూరు పాఠకునికి వ్యాఖ్యానం ఎవరూ చెప్పనక్కరలేదు.

గార్డ్‌నర్ ఇల్లు విడిచి ఎందుకు పోలేదన్నది ఈ కథ మీద తరచు వచ్చే ప్రశ్న. అది కథనలోపమని అనిపించేది సేద్యం ఎరుగని పాఠకునికే. ఈ మైదానంలో ఒక పంట పోయినంత మాత్రాన పొలం వదిలే రైతు లేడు. వచ్చే ఏడు బాగుంటుందన్న ఆశ, తీరని అప్పు, ముందే చెల్లించిన కౌలు అతన్ని అక్కడే నిలబెడతాయి. కథలో రంగు చేసే పనిని ఇక్కడ ఇవి చేస్తాయి.

సర్వేయరు కూడా ఈ ప్రాంతానికి కొత్త కాదు. నాగార్జునసాగర్ నీటిలో లోయ మునిగిన సంగతి తెలుగువారందరికీ తెలుసు. తుళ్లూరు చుట్టుపట్ల 2015లో రాజధాని కోసం 33,000 ఎకరాలకు పైగా భూమి సమీకరణలోకి వెళ్లింది. ఎకరానికి ఏటా మెట్టకు 30,000, జరీబుకు 50,000 రూపాయల చొప్పున మొదలయ్యేలా కౌలు నిర్ణయించారు. సేద్యం ఆగి, పనులూ ఆగిన పొలాల్లో కంపచెట్లు అడవిలా పెరిగాయి. 2024లో వాటిని యంత్రాలతో తొలగించారు. ఇక్కడొక హెచ్చరిక అవసరం. ఈ కథను తుళ్లూరులో తీసే దర్శకుడు ఉల్కను రాజధానికి ప్రతీకగా చేస్తే చప్పట్లు వస్తాయి, కథ చస్తుంది. ప్రతీక అంటే మళ్లీ కర్తను ప్రతిష్ఠించడమే. ఆ రైతుల తగవు చట్టంతో, ప్రభుత్వాలతో. దానికి వాది, ప్రతివాది, న్యాయస్థానం ఉన్నాయి. ఈ కథ పని వేరు. కొలతలకూ ఒప్పందాలకూ అందకుండా, నేలతో మనిషికున్న సంబంధం తెగినప్పుడు లోపల ఏమి బూడిదవుతుందో చూపడం దాని పని.

6. బాధ్యత ప్రశ్న

అన్నిటికంటే బలమైన అభ్యంతరం అభ్యుదయ దృష్టి నుంచి వస్తుంది. తెల్లదోమ ఆకాశం నుంచి ఊడిపడలేదు. మోతాదు మించిన పురుగుమందులు, వడ్డీలు, నకిలీ విత్తనాలు, చేతులెత్తేసిన వ్యవస్థ దాని వెనుక ఉన్నాయి. కర్త లేని భయమంటూ కథలల్లితే ఈ బాధ్యులంతా తప్పించుకోరా? ఈ ప్రశ్నను కొట్టివేయడానికి వీలులేదు. ఆత్మహత్యను విధి మీదకు నెట్టే కథ ఏదైనా నేరమే.

అయితే మూలకథను జాగ్రత్తగా చదివితే బాధ్యులు అడుగడుగునా కనబడతారు. మొదటి రోజు బండి కట్టుకొని వచ్చిన ఆచార్యులు, ముక్క మాయమయ్యాక ఆసక్తి కోల్పోయారు. మొక్కలు వికృతంగా మారుతున్నాయన్న మాటను పల్లెటూరి మూఢనమ్మకంగా తోసిపుచ్చారు. ఇరుగుపొరుగు ఆ దారిన నడవడం మానుకున్నారు. ఆమీ ఒక్కడే రాకపోకలు సాగించాడు. ఇంత తెలిసిన తరువాత కూడా జలాశయం ఆగదు. ఆ రంగుకు బాధ్యత లేకపోవచ్చు. దాని చుట్టూ ఉన్న ప్రతి మనిషికీ ఉన్నది. దెయ్యం కథలో దెయ్యం దొరకగానే ఊరంతా నిర్దోషి అవుతుంది. కర్త లేని కథలో ఊరికి ఆ వెసులుబాటు లేదు. రైతు చెప్పినప్పుడు ఎవరు విన్నారు, ఎవరు వచ్చారు అనే ప్రశ్న మాత్రమే మిగులుతుంది.

పూత ఎందుకు రాలుతున్నదో తెలియని రైతు ఆకు పట్టుకొని మందుల దుకాణానికి పరుగెత్తే రోజులను తలచుకుంటే ఈ మాట అర్థమవుతుంది. పురుగుకు పేరు పెట్టాక అది వ్యవసాయశాఖ సమస్య. పేరు లేనంతకాలం అది అతని ఒంటరి భయం. ఆ రోజులకు తెలుగు సినిమాలో రూపం లేదు. రైతు మీద వచ్చిన చిత్రాల్లో దుర్మార్గుడైన భూస్వామో కంపెనీ యజమానో ఉంటాడు, చివర ఓడిపోతాడు. ప్రేక్షకుడు తేలికపడిన మనసుతో ఇంటికి వెళతాడు. బాధ్యతను నిజంగా తప్పిస్తున్నది ఏ రకం కథ అన్నది విమర్శ నిజాయితీగా ఆలోచించుకోవాలి.

7. ముగింపు

‘డీ ఫార్బె’ నిరూపించింది ఇది: ఈ కథకు కావలసింది పెట్టుబడి కాదు, చూపకుండా ఉండగల నిగ్రహం, ఒక దేశపు నేలను మరొక దేశపు నేలగా గుర్తించగల చూపు. జర్మన్ పల్లెకు వెళ్లిన కథ నల్లరేగడికి రాలేదనడానికి ఇక ఆధారం లేదు. మిరప కళ్లాన్ని నలుపు-తెలుపులో ఒక్కసారి చూపిస్తే చాలు. కంటినిండా ఎరుపు చూసి పెరిగిన ప్రేక్షకునికి ఆ బూడిదరంగు కుప్పలే గుండె జారేలా చేస్తాయి. దానికి గ్రాఫిక్స్ ఖర్చు లేదు.

అటువంటి చిత్రం వచ్చిన రోజున, దెయ్యం ఎవరో చెప్పలేదని దానిని లోపభూయిష్టంగా తీర్పు చెప్పకుండా ఉండడానికైనా తెలుగు విమర్శ తన కొలతలను ఇప్పుడే సవరించుకోవాలి. భయానకాన్ని కర్త ఆధారంగా కాక, భయపడిన మనిషి పక్కన ఎవరు నిలిచారన్న దాని ఆధారంగా అంచనా వేయడం ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్న కొలత. కథలో ఆమీ పియర్స్ చేసింది ఆ ఒక్క పనే. పొరుగువాడి ఇంటికి పోవడం మానలేదు. చూసింది చూసినట్టు, నలభై ఏళ్ల తరువాత కూడా, అడిగినవానికి చెప్పాడు. విమర్శకుని పని దీనికి భిన్నమైనది కాదు.